సెక్టర్ ఫోర్‌ను కూల్చిన చెయ్యి

ఊళ్ళను కూల్చినవాళ్ళ గురించి చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. కొందరు ఏనుగులతో వచ్చారు, కొందరు ఫిరంగులతో వచ్చారు. నేను మాత్రం సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, వేయించిన వేరుశనగ గింజలు నములుతూ, ఒక్క ఫోను కాల్‌తో మా భిలాయి సెక్టర్ ఫోర్‌ను నేలమట్టం చేశాను. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. ఆగలేదు. నాకు పట్టుదల ఎక్కువ. తెలివి కూడా అంతే ఉండి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేదాన్ని.

ఛత్తీస్‌గఢ్ అప్పుడే కొత్త రాష్ట్రమైంది. బోర్డుల మీద మధ్యప్రదేశ్ అన్న మాటకు సున్నం కొట్టి, ఆ తడి ఆరకముందే కొత్త పేరు రాసేస్తున్నారు. ఏది ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరేం చెప్పినా జనం నమ్మేవారు. మా నాన్న స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ ఆఫీసులో ఇంజనీరు. క్వార్టర్లలో గోడ బీటవారినా, పైపు కారినా ఆయన దగ్గరికే వస్తారు. అమ్మ స్కూల్లో టీచరు. నేను బి.యస్సీ. ఫస్టు క్లాసులో పాసై, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని లోకానికి చెబుతూ, ఇంట్లో కూర్చుని ఒక గ్రహాన్ని పరిపాలిస్తున్నాను.

కంగారు పడకండి, కంప్యూటర్ ఆటలో. గాలి లేని ఒక ఎర్రటి గ్రహం మీద మనుషులను దింపుతారు. వాళ్ళు ఉండటానికి గాజు గుమ్మటాలు కట్టాలి, ఊపిరికి గాలి తయారుచేయాలి, ఇనుము తవ్వాలి, పక్కనున్న చందమామ మీద నుంచి వచ్చే శత్రువులను తరిమికొట్టాలి. ఇనుము తవ్వి ఊరు కట్టడం భిలాయి పిల్లకు ఒకరు నేర్పాలా? ఆ గుమ్మటాలకు ఆటవాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగక, తీసేసి సెక్టర్ వన్, సెక్టర్ టూ అని వరసగా పెట్టుకున్నాను. కొండ కింద మూలగా ఉన్నదానికి మా టౌన్‌షిప్ చివరనున్న రిసాలి పేరు పెట్టాను. చరోదా రైల్వే కాలనీలో ఉండే నా స్నేహితురాలు పద్మ కూడా ఇదే ఆట ఆడేది. వాళ్ళ నాన్న రైల్వే గార్డు కాబట్టి ఆవిడగారి గ్రహం నిండా స్టేషన్ల పేర్లు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఇలా సుఖంగా ఏలుకుంటూ ఉండగా ఆటకు పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఇప్పటిలా మనం నిద్రలో ఉండగా దానంతటది ఫోనులోకి దిగిపోయే రకం కాదు. పద్మ వాళ్ళన్నయ్య హైదరాబాదు నుంచి సీడీలో, బట్టల మధ్య పెట్టి, గీత పడకుండా తెచ్చాడు. దాన్ని కంప్యూటర్‌లో వేయగానే నా గ్రహం నా గ్రహంలా లేదు. నేల కింద నగరాలు వచ్చాయి, గ్రహం చుట్టూ రైలు వచ్చింది, శత్రువులకు కొత్త ఆయుధాలు వచ్చాయి, వీటన్నిటినీ మించి ఇసుక తుఫాను వచ్చింది. ఆ తుఫాను తగిలేలోపు ఒక మహా రియాక్టర్ కట్టి వెలిగించాలి. లేకపోతే గ్రహమంతా చీకటి, ఆట సమాప్తం. రియాక్టర్‌కు చదునైన పెద్ద నేల కావాలి. నేను గ్రహమంతా గాలించాను. అంత చదునైన నేల ఒక్క సెక్టర్ ఫోర్ గుమ్మటం కిందే ఉంది.

"ముందు ఎవరు వెలిగిస్తే వాళ్ళే గొప్ప. పందెం?" అంది పద్మ.

"పందెం," అన్నాను నేను.

ఇక్కడ మా ఇంటి ఫోను గురించి చెప్పాలి. మా వరసలో ఫోనున్నది మా ఇంట్లోనే కావడంతో అది అందరికీ పీపీ నంబరు. అంటే ఫోను మాది, కాల్ వాళ్ళది, మధ్యలో పిలుచుకొచ్చే కాళ్ళు నావి. పక్క క్వార్టర్లో ఉండే రాహేలు పిన్నికి నాగపూర్‌లో నర్సింగ్ చదివే కూతురు ఫోను చేసేది. పిన్ని చాలా ముందే వచ్చి, ఫోను పక్క కుర్చీలో కూర్చుని కొంగుతో విసురుకుంటూ ఉండేది. ఆవిడ మాకు చుట్టం కాదు. ఒకే చర్చి, ఒకే గోడ, అందుకని పిన్ని. విజయనగరం నుంచి పెళ్ళిచేసుకుని వచ్చి దిగింది ఆ క్వార్టర్లోనే. పిల్లను కన్నదీ అక్కడే, వరండాలో మిషను పెట్టి వీధి మొత్తానికి జాకెట్లు కుట్టేదీ అక్కడే. వాళ్ళాయన ఏసుదాసు బాబాయ్ ప్లాంటులో క్రేను నడిపేవాడు.

ఆ రోజు కూడా పిన్ని కూర్చుని విసురుకుంటోంది. పద్మ ఫోను చేసింది. పద్మ మాటలు పిన్నికి వినపడవు కదా, అందుకని పిన్ని విన్నదే మీకూ వినిపిస్తాను.

"హలో పద్మా, పక్కా అయిపోయింది. సెక్టర్ ఫోర్ మొత్తం కూల్చేస్తున్నాం."

పిన్ని కొంగు ఆగింది.

"అవును, మొత్తం. ఒక్క ఇల్లు కూడా ఉంచం. అక్కడ పవర్ ప్లాంటు వస్తుంది."

"జనమా? రిసాలికి తోసేద్దాం. ఇరుకే అనుకో, సర్దుకుంటారు."

"ఎందుకు కదలరు? ముందు నీళ్ళు ఆపేస్తాం, తర్వాత కరెంటు ఆపేస్తాం. వాళ్ళే మూటలు సర్దుకుంటారు యార్!"

అప్పుడు పద్మ, ఇంతసేపు ఆడుతున్నావు, మీ ఇంట్లో తెలుసా అని అడిగింది. నేను నవ్వుతూ అన్నాను:

"నాన్నకి అన్నీ తెలుసు. అమ్మకే చెప్పలేదు. తెలిస్తే ఇల్లు పీకి పందిరి వేస్తుంది."

ఫోను పెట్టి చూస్తే కుర్చీ ఖాళీ. కూతురి కాల్ రాకముందే పిన్ని వెళ్ళిపోవడం ఆ క్వార్టర్ల చరిత్రలో లేదు. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చి ఉంటుందిలే అనుకున్నాను. పొయ్యి నేనే వెలిగించానని నాకేం తెలుసు?

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా దగ్గర పెదవి దాటిన మాట ముందు గోడ దాటుతుంది, తర్వాత కూరగాయల బండి ఎక్కుతుంది, ఆ పైన రెండో షిఫ్టుకు వెళ్ళే సైకిళ్ళ మీద ప్లాంటులోకి పోయి మొదటి షిఫ్టు సైకిళ్ళ మీద తిరిగొస్తుంది. దానికి తోడు ఆ సాయంత్రం కుళాయి రాలేదు. ఎండాకాలంలో అది అప్పుడప్పుడూ రాదు. ఆ రోజు మాత్రం వీధిలో ఒక కేక వినిపించింది.

"ఓలమ్మో, నీళ్ళు ఆపీసారు! మొదలెట్టీసినారు!"

ఏం మొదలుపెట్టారో నాకు తెలియదు. నేను రియాక్టర్‌కు ఇనుము పోగుచేస్తున్నాను.

మర్నాడు సాయంత్రం పిన్ని ఇంట్లో ప్రార్థన కూడిక. అమ్మా నేనూ వెళ్ళాం. నాన్న బొబ్బిలి దగ్గర పల్లెలో మేనల్లుడి పెళ్ళికి వెళ్ళారు. సోమవారం గానీ రారు, అక్కడ ఫోను లేదు. పిన్ని కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకుంది.

"ప్రభువా, మా సెక్టర్ ఫోర్‌ను కూల్చీడానికి ఎవుల సెయ్యి లేస్తందో, ఆ సెయ్యిని నువ్వే ఆపాల తండ్రీ!"

"ఆమెన్!" అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను. గోడ మీద బల్లి పరిగెత్తింది.

ప్రార్థన అయ్యాక పక్కనున్నావిడను మెల్లిగా అడిగాను. "ఏమైంది ఆంటీ?"

"నీకు తెల్దేటి? సెక్టర్ ఫోర్ కూల్చీసి పవర్ ప్లాంటు కడతారంట. మనందర్నీ రిసాలికి తోసేస్తారంట. కదలకపోతే కరెంటు కూడా ఆపేస్తారంట. ఖబర్ పక్కా. ఇంజనీరుగారింట్లోంచే వొచ్చింది."

ఇంజనీరుగారంటే మా నాన్న!

మీకు ఎప్పుడో అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు. బి.యస్సీ. ఫస్టు క్లాసు. పైగా ఆ క్షణంలో నా బుర్రలో మెరిసిన ఆలోచన ఏమిటో తెలుసా? "అచ్చం మా ఆటలో జరుగుతున్నట్టే ఉందే! ఈ ఆట తయారుచేసినవాళ్ళకు ఎంత ముందుచూపు!"

అమ్మ పరిస్థితి ఇంకా ఘోరం. అక్కను అప్పా అని పిలిచే పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని, "అప్పా, బావగారికి అన్నీ తెలుసంట. నీకే సెప్పనేదంట," అని ఏడ్చింది. అమ్మ ముఖం అప్పుడే ఇంకు ఒంపిన కాగితంలా అయిపోయింది. ఇంటికొచ్చాక చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఊరు కూలుస్తూ కూడా ఒక్క మాట చెప్పలేదు మీ నాన్న!"

"నాకూ చెప్పలేదమ్మా."

"రానీ. పెళ్ళి లడ్డూలు తెచ్చి నోట్లో పెడితే కరిగిపోతాననుకున్నాడేమో."

మా ఇద్దరికీ కోపమే. కానీ అసలు కష్టం పిన్నిది. శనివారం పొద్దున్నే కళ్ళు ఉబ్బి వచ్చింది. బాబాయ్ ఒక లెక్క వేశాడట. సెక్టర్ మొత్తం ఒక్కసారి రిసాలి మీద పడితే అద్దె ఇల్లు దొరకదు. ఇప్పుడే ఒక గది, వంటిల్లు ఉన్న ఇల్లు చూసి పెట్టాడు. నోటీసు రాకముందే క్వార్టరు వదిలేసి, తాళం ఆఫీసులో ఇచ్చేసి వెళ్ళిపోదామంటున్నాడు.

"తాళం ఇచ్చీస్తే మళ్ళీ రాదే గ్రేసూ. మాకన్నా ముందు ఎంతమంది లైన్లో ఉన్నారో! ఆ ఇంట్లో నా మిషనుకి కూడా చోటు నేదు. నానేటి సేసీది?"

పిన్ని ఏడవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నిలబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ప్రకటించాను.

"పిన్నీ, నేనుండగా నీ ఇంటి మీద ఎవడు చెయ్యి వేస్తాడో చూస్తాను. సోమవారం పొద్దున్న అందరం ఆఫీసుకు వెళదాం. నాన్నైనా సరే, ఊరుకోను!"

"మీ బాబాయ్‌తో సోమారం దాకా ఆగమని సెప్తాను మరి. నీదే భారం."

ఆవిడను సాగనంపి, మనసు భారమై కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రియాక్టర్‌కు ఇనుము సరిపోయింది. తుఫాను దగ్గర పడుతోంది. సెక్టర్ ఫోర్ మీద బాణం గుర్తు పెట్టాను. "కూల్చమంటారా?" అని ఆట మర్యాదగా అడిగింది. కన్నీళ్ళు తుడుచుకుని, అవును అని నొక్కాను. గాజు గుమ్మటం గలగలా రాలిపోయింది, దాని చోట రియాక్టర్ పునాది మాత్రం పడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ముందు గ్రహం గెలిచి, తర్వాత ఇంటి సంగతి చూద్దామనుకున్నాను.

ఆదివారమంతా ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను కూడగట్టాను. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, బెంగాలీవాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు అందరూ కదిలారు. వెనుకాడినవాళ్ళను కుళాయి విప్పి చూపించి ఒప్పించాను. సోమవారం పొద్దున్న నా ఎర్ర చున్నీని బూజు దులిపే కర్రకు కట్టి, ముందు నేను, పక్కన రాహేలు పిన్ని, వెనక మొత్తం వీధి. అమ్మ స్కూలుకు సెలవు పెట్టి మరీ వచ్చింది. ఆవిడ వచ్చింది ఊరి కోసం కాదని ఆ నడకలోనే తెలుస్తోంది.

"సెక్టర్ చార్ హమారా హై!" అని అరిచాను.

"హమారా హై!" అని వెనక నుంచి వచ్చింది.

ఆఫీసు గేటు దగ్గర చౌకీదారు ఏమైందంటూ కుర్చీలోంచి లేచాడు. "కా హోగే దీదీ?"

"ఊరు పోతోంది భయ్యా!" అన్నాను. పాపం, అతని ఇల్లు కూడా ఆ సెక్టర్ వెనకే. గేటు తీసి తనూ వెనక చేరిపోయాడు.

హాల్లోకి అడుగుపెట్టగానే పిన్ని కెవ్వుమంది. క్వార్టర్లు వదిలేసేవాళ్ళ కిటికీ దగ్గర ఏసుదాసు బాబాయ్ నిలబడి ఉన్నాడు. నైట్ షిఫ్టు నుంచి తిన్నగా ఇటే వచ్చేశాడు. క్వార్టరు వదిలేసే కాగితం కిటికీ లోపల, దాని మీద ఇంటి తాళంచెవి. క్లర్కు ముద్ర ఎత్తి ఉన్నాడు.

"సోమారం దాకా ఆగమన్నాను కదేటయ్యా!"

"ఇయ్యాల సోమారమే కదే!" అన్నాడు బాబాయ్. లెక్క ప్రకారం అదీ నిజమే.

పిన్ని ఒక్క ఉరుకులో కిటికీలోంచి చెయ్యి పెట్టి క్లర్కు మణికట్టు పట్టుకుంది. "దీదీ, ఛోడియే! ముద్ర వెయ్యనివ్వండి!" అని అతను, "వెయ్యనివ్వను!" అని ఈవిడ. నేను కర్ర ఊపుతూ, "జిందాబాద్!" అని అరుస్తున్నాను. ఎవరికి జిందాబాదో చెప్పే తీరిక లేదు.

ఆ గోలకు లోపలి గది తలుపు తెరుచుకుంది. మా నాన్న. స్టేషన్ నుంచి తిన్నగా ఆఫీసుకు వచ్చినట్టున్నారు, చేతిలో పెళ్ళి లడ్డూల సంచి ఇంకా అలాగే ఉంది. ముందు గుంపును చూశారు, తర్వాత జెండాను చూశారు, తర్వాత జెండా పట్టుకున్న కూతుర్ని చూశారు, చివరికి అమ్మ ముఖం చూసి సంచి కింద పెట్టేశారు.

"ఏటమ్మా గ్రేసూ ఇదంతా?"

"ఇంజనీరుగారూ!" అన్నాను. నాన్నా అంటే పోరాటం బలహీనపడుతుందని. "సెక్టర్ ఫోర్‌ను కూల్చడానికి మేం ఒప్పుకోం. పవర్ ప్లాంటు మీ ఆఫీసులోనే కట్టుకోండి!"

"ఏ పవర్ ప్లాంటు?"

"ఇంకా దాస్తున్నారా?" అంది అమ్మ.

గోడ బీటవారితే నాన్న పద్ధతి ఒకటే. బీట ఎక్కడ మొదలైందో అక్కడిదాకా వేలితో తడుముకుంటూ వెళతారు. ఇప్పుడూ అదే చేశారు.

"చౌకీదార్, నీకెవరు చెప్పారు?"

"గ్రేస్ దీదీనే సాబ్."

"గ్రేసూ, నీకు?"

"ప్రార్థనలో ఈ ఆంటీ చెప్పింది."

ఆంటీ తడుముకోకుండా, "నాకు రాహేలు సెప్పింది," అంది.

క్లర్కు మణికట్టు వదలకుండానే పిన్ని ఇటు తిరిగింది. నాన్న అడిగారు. "రాహేలమ్మా, నీకెవరు చెప్పారు?"

"ఇదేటి బావగారూ, అలగడుగుతారు! మీ గ్రేసే కదా సెప్పింది! నా ఎదరే కూకుని ఫోన్లో ఎవులికో సెప్పింది. సెక్టర్ ఫోర్ కూల్చేస్తున్నాం, జనాన్ని రిసాలికి తోసేద్దాం, నీళ్ళాపేస్తాం, నాన్నకి అన్నీ తెలుసు, అమ్మకే సెప్పలేదు. ఒక్క ముక్క నాను కల్పించనేదు!"

నా చేతిలో కర్ర దానంతటది కిందికి దిగింది. వేరుశనగ గింజలు, పద్మ, ఖాళీ కుర్చీ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. భూమి విచ్చుకుంటే బాగుండునని అందరూ అంటారు. మా భిలాయి నేల మహా గట్టిది, విచ్చుకోలేదు.

"నాన్నా," అన్నాను. ఇంజనీరుగారు అనే ధైర్యం పోయింది. "అది ఈ సెక్టర్ ఫోర్ కాదు."

"మరి?"

"వేరే గ్రహం మీద ఉంది. ఆటలో. కొత్త అప్‌డేట్ వచ్చింది. రియాక్టర్‌కు చదును నేల కావాలన్నారు."

"నాకు తెలుసన్నది?"

"నేను చదవకుండా ఆడుతున్న సంగతి."

అమ్మ నాన్న వైపు ఒక చూపు చూసింది. ఆయన ఊరు కూల్చలేదని తేలింది గానీ, పూర్తిగా నిర్దోషి అని కూడా తేలలేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అది హాలంతా పాకింది. నాన్న నవ్వలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, కాగితం మీద నుంచి తాళంచెవి తీసి రాహేలు పిన్ని రెండో చేతిలో పెట్టారు.

"ముద్ర పడినా పరవాలేదమ్మా. నేను వచ్చి ఇల్లు చూసి సంతకం పెడితేనే క్వార్టరు పోయేది. నేను రాను, చూడను, పెట్టను. ఆ అబ్బాయి చెయ్యి వదులు."

పిన్ని వదిలింది. క్లర్కు మణికట్టు ఊదుకున్నాడు. పిన్ని తాళంచెవిని జాకెట్లో దోపుకుని, కళ్ళు తుడుచుకుని, నా దగ్గరికొచ్చి తల మీద చెయ్యి వేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"పోన్లే గుంటా. ఎంత కష్టపడ్డావు నా ఇంటి కోసరం!"

బాబాయ్ కూడా తేలికపడి, అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ ఒక మాట కలిపాడు. "అయితే ఆ పైనున్న సెక్టర్ ఫోర్‌లో కూడా మా ఇల్లు ఉందేటి?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ రోజుకి చేసినవి చాలనిపించింది.

"ఉండేది బాబాయ్. శనివారం కూల్చేశాను."

"శనారమా?" అంది పిన్ని. తల మీద చెయ్యి మెల్లిగా జారి చెవి దగ్గర ఆగింది. "శనారం పొద్దున్న కదే నాను నీ కాడ కూకుని ఏడిసింది?"

"నువ్వు వెళ్ళాక, పిన్నీ."

"ఓలి నా తల్లో! నన్నటు పంపీసి ఇటు కూల్చీసినావేటి! కూల్చీసిన సేత్తోనే జెండా పట్టుకుని నా పక్కన నడిసొచ్చీసినావేటే!"

టౌన్‌షిప్ ఆఫీసులో అంత నవ్వు ఎప్పుడూ పుట్టి ఉండదు. క్లర్కు నవ్వుతూ నవ్వుతూ ఆ ముద్రను పొరపాటున తన చేతి మీదే వేసుకున్నాడు. నాన్న మాత్రం లడ్డూల సంచి తీసుకుని గంభీరంగా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపలి నుంచి చాలాసేపు దగ్గు వినిపించింది.

కాబట్టి పాఠకులారా, ఎర్రబడిన నా ఎడమ చెవి సాక్షిగా ఆ ఆఫీసు మెట్ల మీద నేను చేసిన ప్రమాణం వినండి. ఇక ఈ జన్మలో ఏ గ్రహం మీద ఊరు కట్టినా, మనుషులు కాపురమున్న వీధి పేరు దానికి పెట్టను. పెట్టినా కూల్చను. కూల్చక తప్పకపోతే, ముందు రాహేలు పిన్నిని అడుగుతాను.

మాట తప్పలేదు. ఆ వారమే రియాక్టర్ పునాది పీకేసి, సెక్టర్ ఫోర్‌ను మళ్ళీ ఉన్నచోటే కట్టి, పిన్నిని పిలిచి తెర మీద చూపించి, తుఫాను దగ్గర పడుతోంది, చదును నేల కావాలి, ఒక్కసారికి కూల్చనా అని వినయంగా అడిగాను.

"ముట్టుకుంటే సెయ్యి ఇరిసీగల్ను," అంది పిన్ని.

తుఫాను వచ్చింది, నా గ్రహం మొత్తం చీకటైపోయింది, పందెం పద్మ గెలిచింది.